రైలు దిగాక ట్యాక్సీ పంచుకోవచ్చా? నాంపల్లి నుంచి ఇంటిదాకా లెక్క, చట్టం, జాగ్రత్తలు

ఒకే బోగీలో పన్నెండు గంటలు కలిసి వస్తారు. పులిహోర పొట్లం పంచుకుంటారు, ఫోన్ చార్జర్ ఇచ్చిపుచ్చుకుంటారు, 'కాస్త బ్యాగు చూస్తుండండి' అని చెప్పి లేచి వెళ్తారు. అదే ఇద్దరూ నాంపల్లి స్టేషన్ బయటికి రాగానే, టోలిచౌకికే వెళ్లాల్సి ఉన్నా, చెరో ఆటో ఎక్కి చెరో ధర చెల్లిస్తారు.

డబ్బు మిగులుతుందని అందరికీ తెలుసు. అయినా పక్కవారిని అడగడానికి నోరు రాదు. ఎందుకు? అలా పంచుకుని వెళ్లడం చట్టప్రకారం సరైనదేనా? డబ్బు ఎలా పంచుకోవాలి? ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఏ జాగ్రత్త తీసుకోవాలి? ఏ సందర్భంలో పంచుకోవడం కంటే మెట్రోనో, బస్సో, నడకో మేలు? వివరంగా చూద్దాం.

నాంపల్లి సంగతి వేరు

రైల్వే టైం టేబుల్‌లో 'హైదరాబాద్ దక్కన్' అని ఉండేది మనం నాంపల్లి అని పిలిచే స్టేషనే. 1907 నాటి ఈ స్టేషన్‌లో పట్టాలు ఆగిపోతాయి. అంటే ఇది టెర్మినల్. సికింద్రాబాద్‌లో కొందరు దిగుతారు, కొందరు రైల్లోనే ఉండిపోతారు. నాంపల్లిలో మాత్రం మిగిలినవాళ్లంతా ఒకేసారి దిగాలి. విశాఖ నుంచి వచ్చే గోదావరి, చెన్నై వైపు నుంచి వచ్చే చార్మినార్ లాంటి రాత్రి రైళ్లు పొద్దున్నే ఇక్కడికి చేరడం నగరవాసులకు ఏళ్లుగా అలవాటు. రైలు ఆగిన పది, పదిహేను నిమిషాల్లో వందల మంది సామానుతో ఒకే వాకిలి వైపు నడుస్తారు.

వాళ్లు వెళ్లే దారులు మాత్రం లెక్కపెట్టగలిగినన్నే. మాసబ్ ట్యాంక్, మెహిదీపట్నం మీదుగా టోలిచౌకి, గచ్చిబౌలి ఒక దారి. ఎంజే మార్కెట్, కోఠి మీదుగా మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ఇంకో దారి. అఫ్జల్‌గంజ్ దాటి పాతబస్తీ, చాంద్రాయణగుట్ట మరో దారి. హిమాయత్‌నగర్, నారాయణగూడ మీదుగా ఉప్పల్ వైపు ఒకటి. లక్డీకాపూల్, పంజాగుట్ట మీదుగా కూకట్‌పల్లి వైపు ఒకటి. వందల మంది, ఒకే సమయం, ఐదు దారులు. కాగితం మీద చూస్తే ట్యాక్సీ పంచుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

పైగా ఇక్కడి దూరాలు పంచుకోవడానికి పెట్టే పరీక్ష కూడా వేరు. స్టేషన్ నుంచి మొజంజాహీ మార్కెట్‌కు సుమారు ఒక కిలోమీటరు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు మొజం జా పేరిట 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్ చుట్టూ, ఆబిడ్స్ చుట్టూ లాడ్జిలు, హోల్‌సేల్ దుకాణాలు ఎక్కువ. వ్యాపారం పని మీద వచ్చేవాళ్లు చాలామంది దిగేది ఇక్కడే. ఇంత చిన్న దూరానికి ఆటోవాలా రానంటాడు, వస్తే వంద అడుగుతాడు. గొడవలు ఎక్కువ జరిగేది ఇక్కడే. పంచుకోవడం వల్ల పెద్దగా ఒరిగేది లేనిదీ ఇక్కడే. ఈ సంగతి కింద మళ్లీ చూద్దాం.

అడగడానికి ఎందుకు వెనకాడతాం?

రైల్లో ఎదుటి బెర్తు మనిషి మీద మనకు కలిగే నమ్మకం నిజానికి ఆ మనిషి మీద కాదు. అతని పేరు చార్టులో ఉంది, చేతిలో టికెట్ ఉంది, టీటీఈ వచ్చి చూసి వెళ్లాడు, చుట్టూ డెబ్బై మంది ఉన్నారు. ధర ముందే చెల్లించాం కాబట్టి బేరం లేదు. స్టేషన్ గేటు దాటగానే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మనిషి అతనే, కానీ పూచీ ఇచ్చే వ్యవస్థ లేదు. విడివిడిగా చూస్తే కారణాలు ఇవి:

- ధర తెలియదు. ఆటోకు ఎంతవుతుందో తెలియనప్పుడు అందులో మన వాటా ఎంతో ఎలా చెప్పగలం? ముందు డ్రైవర్‌తో బేరం, తర్వాత తోటి ప్రయాణికుడితో ఇంకో బేరం. రెండు బేరాలు ఎవరికీ ఓపిక ఉండదు.
- ఎవరు ముందు దిగాలి? మొదట దిగేవారికి నష్టం లేదు. చివర దిగేవారికి సమయం పోతుంది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాక పది నిమిషాలు కూడా బరువే.
- సామాను. ఇద్దరు మనుషులు ఆటోలో పడతారు. నాలుగు సూట్‌కేసులు పట్టవు. సీఎన్జీ సిలిండర్ ఉన్న కారైతే డిక్కీలో సగం దానికే పోతుంది.
- ఇల్లు చూపించడం ఇష్టం ఉండదు. ముఖ్యంగా ఒంటరిగా వచ్చే మహిళలకు ఇది చాలా సహేతుకమైన భయం.
- మొహమాటం. 'డబ్బుకు ఇబ్బంది పడుతున్నారేమో అనుకుంటారు' అనే ఆలోచన. ఇద్దరూ అలాగే అనుకుని ఇద్దరూ అడగరు.

ఇది మన ఊరి అలవాటు మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి నగరవాసుల మీద చేసిన ఒక అధ్యయనంలో, తెలియనివారితో వాహనం పంచుకోవడమే గట్టిగా వద్దనుకునేవారు మూడోవంతు కంటే తక్కువని తేలింది. మిగిలినవాళ్లు ఎంత డబ్బు మిగులుతుంది, ఎంత సమయం పోతుంది అని లెక్క చూసుకుని నిర్ణయించుకునేవాళ్లే. మన నగరంలో ఆ నిష్పత్తి అంతే ఉంటుందని చెప్పలేం. కానీ విషయం మాత్రం ఆలోచించదగ్గది. మనకు ఇష్టం లేక కాదు, లెక్క ముందే తెలియక ఆగిపోతున్నాం.

తిరుపతిలో కుదురుతుంది, ఇక్కడెందుకు కుదరదు?

తిరుపతి స్టేషన్ బయట దృశ్యం గుర్తుచేసుకోండి. 'కొండకు, కొండకు' అని పిలుస్తారు. ముక్కూమొహం తెలియని రెండు, మూడు కుటుంబాలు ఒకే జీపు ఎక్కి కూర్చుంటాయి. సీటుకు ఇంత అని చెల్లించి వెళ్లిపోతాయి. అక్కడ వెనకాడనివారు నాంపల్లిలో ఎందుకు వెనకాడతారు?

తిరుపతిలో మూడు చిక్కులు ముందే తీరిపోతాయి. అందరి గమ్యం తిరుమల ఒక్కటే, కాబట్టి ఎవరు ముందు దిగాలన్న ప్రశ్న లేదు. ధర మనిషికి ఇంత అని చెబుతారు, పక్కనే ఆర్టీసీ బస్సు చార్జీ ఉంటుంది కాబట్టి ఆ ధర ఎక్కువో తక్కువో వెంటనే తెలిసిపోతుంది. అందరూ దర్శనానికే వెళ్తున్నారు కనుక ఎదుటివారెవరన్న అనుమానం తగ్గుతుంది. నాంపల్లిలో కూడా ఏడాదికోసారి ఇలాంటిది కనిపిస్తుంది. మృగశిర కార్తెకు ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు గుంపులుగానే కదులుతారు. గమ్యం ఒకటైతే మొహమాటం ఉండదు.

ముంబయిది ఇంకో పద్ధతి. చర్చ్‌గేట్ స్టేషన్ బయట నారిమన్ పాయింట్‌కు షేర్ ట్యాక్సీల వరుస ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్లు భక్తులు కాదు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు. వరుసలో నిలబడతారు, ముందున్న నలుగురు ఎక్కుతారు, బండి కదులుతుంది. మనిషికి ఎంతో రవాణా అధికారులే నిర్ణయిస్తారు. ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. వరుసే అడుగుతుంది.

నెదర్లాండ్స్‌లో 1990లో రైల్వే 'ట్రైన్ ట్యాక్సీ' అనే సేవ మొదలుపెట్టింది. రైలు ప్రయాణికులకు స్టేషన్ నుంచి ఊళ్లో ఎక్కడికైనా ఒకే నిర్ణీత ధర. బదులుగా, ఇంకెవరైనా వస్తారేమో అని డ్రైవర్ కొద్ది నిమిషాలు ఆగుతాడు, దారిలో ఇతరులను దింపుతాడు. చాలా ఏళ్లు నడిచిన తర్వాత ఆ సేవ ఆగిపోయింది. అయినా అది చూపించిన సంగతి ఒకటుంది. పంచుకోవడం అనేది ప్రయాణికుల మంచితనం మీద వదిలేస్తే జరగదు, టికెట్‌లో భాగమైతే జరుగుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

'షేరింగ్ చట్టవిరుద్ధం' అని కొందరు డ్రైవర్లు, 'ఏం కాదు ఎక్కండి' అని మరికొందరు అంటుంటారు. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 2వ సెక్షన్ చదివితే విషయం తేటపడుతుంది.

ట్యాక్సీలు, ఆటోలు నడిచేది 'కాంట్రాక్ట్ క్యారేజ్' పర్మిట్ మీద. అంటే బండి మొత్తాన్ని ఒక ఒప్పందం మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాట్లాడుకోవడం. ఆ ఒప్పందంలో లేని మనుషులను దారిలో ఆపి ఎక్కించుకోకూడదు. బస్సుల్లా దారి పొడవునా ఎక్కించుకుంటూ, దించుకుంటూ, విడివిడి చార్జీ తీసుకునేది 'స్టేజ్ క్యారేజ్'. దానికి వేరే పర్మిట్ కావాలి. ఆ నిర్వచనం డ్రైవర్ కాక ఆరుగురి కంటే ఎక్కువమందిని తీసుకెళ్లే బండ్లకే వర్తిస్తుంది.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక మాట ఉంది. డ్రైవర్ కాక ఆరుగురికి మించని అద్దె బండిని చట్టం 'మోటార్ క్యాబ్' అంటుంది. ప్రయాణికుల నుంచి విడివిడిగా చార్జీ తీసుకున్నా సరే, మోటార్ క్యాబ్ కాంట్రాక్ట్ క్యారేజ్ కిందికే వస్తుందని అదే నిర్వచనం చెబుతోంది. అంటే మీరు, మీ తోటి ప్రయాణికుడు స్టేషన్ దగ్గరే కలిసి బండి మాట్లాడుకుని, ఎవరి వాటా వారు చెల్లించినంత మాత్రాన అది నేరం అయిపోదు.

చిక్కు వచ్చేది దారిలో. ఎంజే మార్కెట్ సిగ్నల్ దగ్గర ఒకరిని, కోఠిలో ఒకరిని ఎక్కించుకుంటూ పోతే అది పర్మిట్ షరతుకు విరుద్ధమని అధికారులు అనవచ్చు. కర్ణాటక రవాణా శాఖ 2019లో యాప్ కంపెనీల పూలింగ్ సేవల మీద అభ్యంతరం చెప్పింది ఈ కారణంతోనే.

అందుకే గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు:

- ఎక్కేవాళ్లంతా మొదట్లోనే, ఒకే చోట, ఒకే ఒప్పందం మీద ఎక్కాలి.
- బండికి పసుపు నంబర్ ప్లేటు ఉండాలి. ఎలక్ట్రిక్ బండి అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు కారు డబ్బు తీసుకుని సవారీ కొట్టడానికి పర్మిట్ లేదు.
- అనుమతించిన సీట్లకు మించి ఎక్కకూడదు. మామూలు ఆటోకు ముగ్గురు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత పర్మిట్‌లో ఉన్నంతమందికే పరిమితమని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఐదుగురు ఎక్కిన ఆటోలో నష్టపరిహారం ఎవరికెంత అన్నది పెద్ద తగువు అవుతుంది.

యాప్‌లలో 'షేర్' బటన్ ఏమైంది?

ఒకప్పుడు ఓలా షేర్, ఊబర్ పూల్ ఉండేవి. మొహమాటం అన్న సమస్యను అవి తేలిగ్గా దాటాయి. పక్కవారిని అడగాల్సిన పని లేదు, వాటా ఎంతో తెర మీద కనిపించేది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా రెండూ ఆగిపోయాయి.

అదే ఏడాది నవంబరు 27న కేంద్రం యాప్ ట్యాక్సీ కంపెనీలకు మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిలో రైడ్ పూలింగ్‌కు చోటుంది. మహిళలకు మహిళలతో మాత్రమే పంచుకునే వీలు ఇవ్వాలని కూడా అందులో ఉంది. 2025 జులైలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం రద్దీ వేళల్లో బేస్ చార్జీకి రెండింతల వరకు వసూలు చేయవచ్చు. అయితే ఇవి కేంద్రం ఇచ్చే సూచనలు. లైసెన్సు ఇచ్చేది, నియమాలు అమలు చేసేది రాష్ట్ర ప్రభుత్వమే.

మీకు దీని అర్థం ఒక్కటే. రైలు వచ్చిన వెంటనే అందరూ ఒకేసారి ఫోన్ తీస్తారు కాబట్టి ధర పెరిగేది సరిగ్గా అప్పుడే. ఆ పెరిగిన ధరను ఇద్దరు కలిసి భరించడానికి యాప్ సాయం లేకపోతే, ఆ పని మనుషులే చేసుకోవాలి.

డబ్బు ఎలా పంచుకోవాలి?

చాలా చోట్ల తేడా వచ్చేది ఇక్కడే. 'సగం సగం' అనడం తేలిక, కానీ అది అన్నిసార్లూ న్యాయం కాదు. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం.

మీరు మెహిదీపట్నం వెళ్లాలి. ఒంటరిగా వెళ్తే 120 రూపాయలు అనుకుందాం. మీ తోటి ప్రయాణికుడు గచ్చిబౌలి వెళ్లాలి. ఒంటరిగా వెళ్తే 300. విడివిడిగా వెళ్తే ఇద్దరికీ కలిపి 420 అవుతుంది. ఒకే క్యాబ్‌లో, మిమ్మల్ని దింపి వెళ్లినందుకు కాస్త అదనంగా కలిపి 320 అయిందనుకోండి. మొత్తం మీద 100 మిగిలింది.

సగం సగం అంటే చెరి 160. మీరు ఒంటరిగా వెళ్తేనే 120 అయ్యేది. పంచుకుని 40 నష్టపోయారు!

దానికి బదులు, ఒంటరి ధరల నిష్పత్తిలో పంచుకోండి. 120, 300 అంటే 2కు 5. మొత్తం 320ని ఏడు భాగాలు చేస్తే మీ వాటా రెండు భాగాలు, అంటే సుమారు 91 రూపాయలు. ఆయన వాటా ఐదు భాగాలు, సుమారు 229. మీకు 29, ఆయనకు 71 మిగిలాయి. ఇద్దరూ లాభపడ్డారు.

ఏడు భాగాల లెక్క పొద్దున్నే బుర్రకెక్కకపోతే ఇంకా సులువైన పద్ధతి ఉంది. దూరం వెళ్లేవారు తమ ఫోన్‌లో క్యాబ్ బుక్ చేసి, మధ్యలో ఒక స్టాప్ చేర్చాలి. దగ్గర దిగేవారు తమ ఒంటరి ధరలో మూడు వంతులు, పై ఉదాహరణలో 90 రూపాయలు, దిగేటప్పుడు వారికే యూపీఐ చేయాలి. దాదాపు అదే లెక్క వస్తుంది. డ్రైవర్‌కు మాత్రం ఒక్కరే చెల్లించాలి. అప్పుడు ఆయనతో తగువు ఉండదు.

ఒక నియమం మరవద్దు. ఎవరూ ఒంటరిగా వెళ్తే అయ్యేదానికంటే ఎక్కువ ఇవ్వకూడదు. ఈ ఒక్కటి సరిచూసుకుంటే మిగతా లెక్క అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఎంతసేపు ఆగాలి?

ఇదీ లెక్కే. ఉదయం పెద్ద రైలు దిగినప్పుడు పది నిమిషాల్లో 40 కుటుంబాలు బండి కోసం చూస్తున్నాయనుకుందాం. ఐదు దారుల్లో సమానంగా పోతే ఒక్కో దారికి 8. అంటే నిమిషంన్నర లోపే మీ దారిలో వెళ్లేవారు ఒకరు మీ పక్క నుంచి నడిచి వెళ్తున్నారు. అడగడమే తరువాయి. రాత్రి పదకొండు దాటాక చిన్న రైలు దిగి ఐదు కుటుంబాలే ఉంటే మీ దారిలో మీరొక్కరే కావచ్చు. అప్పుడు తోడు కోసం ఎదురుచూడటం వృథా. స్టేషన్ బయట ఐదు నిమిషాల కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే వదిలేయండి.

అసలు తోడును వెతకాల్సింది బయట కాదు, రైల్లోనే. బేగంపేట దాటి రైలు నెమ్మదించే సమయంలో 'మీరు ఎటు వెళ్తున్నారండీ?' అన్న ఒక్క మాట చాలు. అప్పటికి మీరు ఒకరినొకరు కొన్ని గంటలుగా చూస్తున్నారు. గేటు బయట ఎదురైన మనిషి గురించి మీకు ఏమీ తెలియదు.

పంచుకోకపోవడమే మేలైన సందర్భాలు

- రెండు కిలోమీటర్ల లోపు: ఎంజే మార్కెట్, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ లాంటి చోట్లకు సామాను తక్కువైతే నడిచి వెళ్లిపోవచ్చు. ఇంత తక్కువ దూరానికి పంచుకుంటే మిగిలేది పది, ఇరవై రూపాయలే.
- మెట్రో దారిలో ఉంటే: అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. నాంపల్లి మెట్రో స్టేషన్ రైల్వే స్టేషన్‌కు దగ్గరే. ఎంజే మార్కెట్ వైపు వెళ్లేవారికి గాంధీభవన్ స్టేషన్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, కూకట్‌పల్లి, మియాపూర్‌లకు ఒకే రైలు. ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు అందుబాటులో ఉంటుంది. పెద్ద పెట్టెలకు మాత్రం పరిమితి ఉంది.
- హైటెక్ సిటీ, లింగంపల్లి వైపైతే: అదే స్టేషన్ నుంచి ఎంఎంటీఎస్ ఉంది. రైలు వేళ కుదిరితే దానికంటే చౌక మరొకటి లేదు.
- మహిళలకు బస్సు: మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి.
- నుమాయిష్ రోజుల్లో: జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఎగ్జిబిషన్ మైదానం చుట్టూ సాయంత్రాలు బండ్లు కదలవు. ముగ్గురితో ఆటోలో ఇరుక్కుని కూర్చోవడం కంటే మెట్రో ఎక్కడం తెలివైన పని.

భద్రత: తోడును మీరే ఎంచుకోండి

ముందే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్న ఆటోలోకి 'ఒక్క సీటే ఉంది, రండి' అని పిలిస్తే ఎక్కకండి. ప్రయాణికుల్లా నటించి, మధ్యలో కూర్చున్నవారి నగలు, పర్సులు కాజేసిన కేసులు హైదరాబాద్ పోలీసులకు కొత్తవి కావు. షేర్ ఆటోకు, మీరు పంచుకునే ఆటోకు ఉన్న అసలు తేడా ఇదే. అక్కడ తోడును డ్రైవర్ ఎంచుతాడు. ఇక్కడ మీరు ఎంచుకుంటారు.

- కుటుంబంతో ఉన్నవారితో, మీ బోగీలో వచ్చినవారితో పంచుకోండి.
- ఒంటరి మహిళలైతే మహిళతోనో, మహిళలున్న కుటుంబంతోనో వెళ్లండి. 'వద్దండీ, మావాళ్లు వస్తున్నారు' అని చెప్పడానికి ఏ మొహమాటమూ అక్కర్లేదు. వివరణ ఇవ్వాల్సిన పనీ లేదు.
- బండి ఎక్కేముందు నంబర్ ప్లేటు ఫొటో ఇంటికి పంపండి. యాప్‌లో బుక్ చేసిన బండి అయితే ట్రిప్ లింక్ పంపండి.
- ఇంటి గుమ్మం దాకా వద్దు. మీ కాలనీ దగ్గరి పెద్ద రోడ్డు మీద, తెరిచి ఉన్న దుకాణం ముందు దిగండి.
- లాప్‌టాప్, నగలు ఉన్న సంచి డిక్కీలో పెట్టకండి. ఒడిలో పెట్టుకోండి.
- తెలంగాణ పోలీసుల 'టీ-సేఫ్' సేవ 2024 మార్చిలో మొదలైంది. ఇది మహిళల ప్రయాణాన్ని దూరం నుంచి గమనిస్తుంటుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఫోన్ చేసి వాడుకోవచ్చు. అత్యవసరమైతే 112కు డయల్ చేయండి. స్టేషన్ ఆవరణలో ఇబ్బంది ఎదురైతే రైల్వే నంబరు 139.

ఆటోవాలా వైపు నుంచి చూస్తే

'ఇద్దరు కలిస్తే నా సవారీ ఒకటి పోయినట్టే కదా' అని డ్రైవర్ అనుకోవడంలో తప్పు లేదు. హైదరాబాద్‌లో ఆటో మీటరు ధర 2014లో నిర్ణయించినప్పుడు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11 రూపాయలు. ఆ లెక్కన 8 కిలోమీటర్ల ప్రయాణానికి 90 రూపాయలు. ఆ తర్వాత ఇంధనం, బండి కిస్తీ, ఇంటి అద్దె ఎంత పెరిగాయో మీకు తెలుసు. మీటరు వేయమంటే రానని ఎందుకు అంటాడో ఈ లెక్కే చెబుతుంది. మహిళలకు ఉచిత బస్సు వచ్చాక గిరాకీ పడిపోయిందని ఆటో సంఘాలు నిరసనలు చేశాయి. ఒక బ్యాగుతో వచ్చే కుర్రాళ్లేమో బైక్ ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోతున్నారు.

అందుకే బేరం ఇలా ఆడండి. 'మేం ఇద్దరం, ఇద్దరికీ కలిపి ఇంత, మధ్యలో ఒకచోట ఆపాలి' అని ఎక్కకముందే చెప్పండి. ఒక్కరి ధరకే ఇద్దరినీ తీసుకెళ్లమనడం న్యాయం కాదు. రెండో స్టాప్‌కు 20, 30 ఎక్కువ ఇస్తే ఆయనకూ లాభమే. ఒక్కరి కోసం 5 కిలోమీటర్లు పోయే బండి, ఇద్దరి కోసం 15 కిలోమీటర్లు పోతోంది. ఖాళీగా తిరిగే సమయం తగ్గుతోంది. ఎక్కేదాకా ఒక్కరే అని చెప్పి, తర్వాత 'ఈయన కూడా వస్తాడు' అంటే మాత్రం గొడవ ఖాయం.

వ్యవస్థ ఏం చేయవచ్చు?

న్యూయార్క్ ట్యాక్సీ ప్రయాణాల సమాచారం మీద ఎంఐటీ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం, కొద్దిపాటి ఆలస్యానికి ఒప్పుకుంటే ప్రయాణాలను పంచుకోవడం ద్వారా ట్యాక్సీలు తిరిగే మొత్తం దూరం 40 శాతం దాకా తగ్గుతుందని లెక్కగట్టింది. ఆ అంకెను నాంపల్లికి యథాతథంగా తెచ్చుకోలేం. కానీ పొద్దున పూట స్టేషన్ రోడ్డు మీద ఒక్కో మనిషితో వరుసగా కదిలే ఆటోలను చూస్తే, ఎంతో కొంత తగ్గించే అవకాశం ఉందని తెలుస్తుంది.

దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ముంబయి వరుస, తిరుపతి పిలుపు కలిపితే చాలు. స్టేషన్ ముందు ఐదు దారులకు ఐదు బోర్డులు. ప్రతి బోర్డు కింద మనిషికి ఎంతో పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి. ముగ్గురు కుదిరినా, లేదా ఏడెనిమిది నిమిషాలు దాటినా బండి కదలాలి. బండి నంబరు రాసి ఉన్న చీటీ ప్రయాణికుడి చేతిలో పెట్టాలి. మహిళలకు వేరే వరుస ఉండాలి. ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ల అనుభవం నగర పోలీసులకు ఉన్నదే. దానికి 'సీటు' అన్న ఒక గడి చేర్చడమే మిగిలిన పని.

మరి ఎందుకు జరగడం లేదు? స్టేషన్ ఆవరణ, పార్కింగ్ రైల్వేవి. చార్జీలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. పర్మిట్లు రవాణా శాఖవి. గేటు బయట రోడ్డు ట్రాఫిక్ పోలీసులది. ప్రయాణికుడు నాలుగు అడుగులు వేసే లోపు నలుగురి పరిధి మారిపోతుంది. నలుగురూ ఒకేచోట కూర్చుంటే తప్ప ఆ బోర్డు నిలబడదు. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. అది నగరానికి ఒక కొసన ఉంది, అక్కడి నుంచి ప్రతి ప్రయాణమూ దూరమే. దూరం పెరిగిన కొద్దీ పంచుకుంటే మిగిలేదీ పెరుగుతుంది.

బోర్డులు వచ్చేదాకా ఏం చేయాలంటే, రైలు నెమ్మదించే ముందు యాప్‌లో మీ ఒంటరి ధర చూసి పెట్టుకోండి. ఎదుటి సీటులో ఉన్నవారిని ఎటు వెళ్తున్నారో అడగండి. దారి కలిస్తే, ఎవరు ముందు దిగుతారో, ఎవరి వాటా ఎంతో ప్లాట్‌ఫామ్ మీదే తేల్చుకోండి. కలవకపోతే నమస్కారం పెట్టి ఎవరి దారిన వారు వెళ్లండి. అడిగినందుకు పోయేదేమీ లేదు.